మిగిలిన పదకొండు గింజలనూ కార్తీకం దాకా దాచండి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది విశాఖపట్నం, సీతమ్మధారలో మూడో అంతస్తు ఫ్లాట్. బొబ్బిలిలో మా కన్నవారింటి పెరట్లో అమ్మ పెంచిన డేలిల్లీ ఉండేది. గులాబీ కలిసిన నారింజ రంగు పువ్వు, మధ్యలో ముదురు ఎరుపు వలయం. అమ్మ పోయాక ఆ ఇల్లు అమ్మేశారు. అమ్మేముందు ఒక చిన్న దుబ్బు తెచ్చి బాల్కనీలో కుండీలో పెట్టుకున్నాను. ఈ మార్చిలో పూసింది. తొమ్మిదో తరగతి చదివే మా పాప పక్క కుండీలోని పసుపు డేలిల్లీ పుప్పొడిని దూదిపుల్లతో తీసి దానికి అద్దింది. రెండు కాయలు నిలిచాయి. మే మూడో వారంలో అవి ఎండి పగిలితే 19 నల్లటి గింజలు వచ్చాయి. ఎనిమిదింటిని అప్పుడే వర్మీకంపోస్టులో నాటి రెండు పూటలా నీళ్లు పోశాను. 20 రోజులైనా ఒక్కటీ రాలేదు. తవ్వి చూస్తే మెత్తబడి తెల్ల బూజు పట్టి ఉన్నాయి. ఏడుపొచ్చింది. ఇంకా పదకొండు ఉన్నాయి, అగ్గిపెట్టెలో పెట్టి బీరువాలో దాచాను. ఒకరు ఫ్రిజ్‌లో పెట్టమంటారు, ఒకరు వేడినీళ్లలో నానబెట్టమంటారు. ఏం చేయాలి? మొలిస్తే అమ్మ మొక్కకు పూసిన పువ్వే పూస్తుందా? మా ఇంట్లో పిల్లి కూడా ఉంది, కుండీలన్నీ తవ్వేస్తోంది.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, ముందుగా ఒక మాట. ఆ ఎనిమిది గింజలు పోవడం మీ చేతి తప్పు కాదు. గింజల తప్పూ కాదు. మే నెలాఖరులో విశాఖలో నాటడమే వాటికి సరిపడలేదు. మిగిలిన పదకొండు గింజలు గట్టిగా ఉంటే వాటిలో చాలావరకు మొలిపించుకోవచ్చు. కానీ ఇప్పుడు కాదు. కార్తీకం దాకా ఓపిక పట్టాలి.

ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. అగ్గిపెట్టెను బీరువాలోంచి తీయండి. మన ఊళ్లో ఈ కాలంలో గాలిలో తేమ ఎంతుంటుందో మీకు తెలుసు, మూత సరిగా పెట్టని ఉప్పు సీసా చూస్తే చాలు. ఆ ఉక్కలో గింజ నెలల తరబడి ఉంటే బలం తగ్గిపోతుంది. గింజల్ని తెల్ల కాగితం మీద పోసి ఒక్కొక్కదాన్నీ రెండు వేళ్ల మధ్య నొక్కి చూడండి. మంచి గింజ మిరియం గింజంత ఉండి, నల్లగా నిగనిగలాడుతూ, నొక్కితే రాయిలా ఉంటుంది. నొక్కగానే లోపలికి పోయేదీ, ఒక పక్క సొట్టపడి బోలుగా ఉన్నదీ మొలవదు. నీళ్లలో వేసి తేలినవి పారేయమని కొందరు చెబుతారు, ఈ గింజల విషయంలో దాన్ని నమ్మకండి. మంచివి కూడా తేలుతాయి. వేలితో నొక్కి చూడటమే సరైన పరీక్ష.

గట్టివాటిని నీడలో, ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెట్టి, చిన్న కాగితం పొట్లం కట్టి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచండి. డీప్ ఫ్రీజర్‌లో వద్దు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘మొక్కల గింజలు’ అని రాయండి. చూడ్డానికి అచ్చం మిరియాల్లాగే ఉంటాయి కాబట్టి ఎవరైనా చారులో వేసే ప్రమాదం నిజంగానే ఉంది. అలా పొడిగా దసరా దాకా ఉండనివ్వండి.

ఇక ఫ్రిజ్ ఎందుకో చెబుతాను. కారణం తెలిస్తే మీకే ధైర్యం వస్తుంది. డేలిల్లీ పుట్టిల్లు చైనా, కొరియా, జపాన్ వైపు. అక్కడ కాయలు పగిలి గింజలు నేలమీద పడేసరికి చలికాలం ముంచుకొస్తుంది. గింజ అప్పుడే మొలిస్తే లేత మొక్క మంచుకి చచ్చిపోతుంది. అందుకే మొలకను ఆపి ఉంచే పదార్థాలు గింజలోనే ఉంటాయి. తడి నేలలో, చలిలో కొన్ని వారాలు గడిచాకే ఆ పట్టు సడలుతుంది. ఆ తర్వాత కాస్త వెచ్చదనం తగలగానే గింజ కళ్లు తెరుస్తుంది. మన ఊళ్లో ఆ చలి లేదు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో కూడా 18 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. ఆ లోటును ఫ్రిజ్ తీరుస్తుంది, 4, 5 డిగ్రీల దగ్గర.

డేలిల్లీల్లో అన్నింటికీ ఇంత చలి అక్కర్లేదు, అది నిజమే. చలికాలంలో ఆకు మొత్తం రాల్చేసి నిద్రపోయే రకాలకు ఇది తప్పనిసరి. ఏడాది పొడవునా పచ్చగా ఉండే రకాల గింజలు ఫ్రిజ్ ముఖం చూడకుండానే మొలుస్తాయి. ఉత్తరాంధ్ర వేడిలో ఇన్నేళ్లు నిలిచి పూసిందంటే మీ అమ్మగారిది బహుశా ఈ రెండో రకమే. అయినా ఫ్రిజ్‌లో పెట్టమనే అంటాను. చలి తగిలిన గింజలు ఇంచుమించు ఒకేసారి లేస్తాయి. చలి తగలనివి ఈ వారం ఒకటి, వచ్చే నెల ఒకటి అన్నట్టు వచ్చి, ఈలోపు మిగతావి కుళ్లిపోతాయి. పదకొండే ఉన్నప్పుడు అంత నష్టం తట్టుకోలేం.

వేడినీళ్లు మాత్రం వద్దే వద్దు. ఆ పద్ధతి నీటిని లోపలికి రానివ్వని గట్టి పెంకున్న సుబాబుల్ లాంటి గింజలకు. డేలిల్లీ గింజ పైకి రాయిలా కనిపించినా నీళ్లు మామూలుగానే పీలుస్తుంది. వేడినీళ్లు పోస్తే లోపలి మొలక ఉడికిపోతుంది.

మీరు మేలో నాటినప్పుడు ఏం జరిగిందంటే, ఒకటి కాదు, మూడు కలిశాయి. చలి తగలని గింజ. దానికి తోడు వేడి. ఈ గింజకు 18 నుంచి 24 డిగ్రీలు హాయి, 30 దాటితే మొలక బాగా తగ్గిపోతుంది. మేలో మూడో అంతస్తు బాల్కనీ కుండీలో మట్టి ఎంత కాలుతుందో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. మూడోది వర్మీకంపోస్టు. పెరిగే మొక్కకు అది బలం, మొలవని గింజకు మాత్రం బూజు పుట్టిల్లు. పైగా రెండు పూటలా నీళ్లు. గింజకు ఊపిరాడలేదు.

నా అనుభవం ఒకటి చెప్పనివ్వండి. 2014లో నేనూ ఇలాగే కొన్ని గింజల్ని తడి టిష్యూలో చుట్టి సెప్టెంబర్ మొదట్లో ఫ్రిజ్‌లో పెట్టాను. అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. కరెంటు రోజుల తరబడి లేదు. కైలాసగిరి పచ్చదనమంతా పోయి కాలిపోయినట్టు గోధుమరంగులో కనిపించేది. నీళ్లకు బకెట్లు పట్టుకుని తిరగడమే సరిపోయింది, గింజల సంగతి ఎవరికి గుర్తుంటుంది? వారం దాటాక ఫ్రిజ్ కడుగుదామని తెరిస్తే కుళ్లిన కూరగాయల మధ్య ఆ జిప్ కవరు కనిపించింది. పారేయబోతూ వెలుగుకు పెట్టి చూశాను. తడి టిష్యూ మీద నల్లటి గింజలు, ఒక్కో గింజ చివర చిన్న టోపీ లేచినట్టు పగిలి, అందులోంచి గోరంత తెల్లటి వేరు. పన్నెండు గింజల్లో తొమ్మిదింటికి వేరు వచ్చింది. నెలకు పైగా చలిలో ఉన్నాయి, కరెంటు పోయి ఫ్రిజ్ మామూలు గదిలా అయ్యేసరికి వాటికి వసంతం వచ్చినట్టయింది. ఇంట్లో తలుపులు ఊడి ఉన్న ఆ రోజుల్లో ఆ తొమ్మిది వేళ్లను చూసి నేను ఎంత ఊరట పడ్డానో మాటల్లో చెప్పలేను. ఆ రోజు నుంచి ఈ పద్ధతే నాది.

దసరా వెళ్లగానే డబ్బా తీయండి. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా కొనండి, మీద శాతం ఎంతో చూడండి. 3 శాతం అయితే లీటరు నీళ్లకు ఒక టేబుల్ స్పూను, 6 శాతం అయితే అందులో సగం. ఆ నీళ్లలో గింజల్ని ఒక రాత్రి నానబెట్టండి. పైన ఉన్న బూజు బీజాలు చాలావరకు పోతాయి. పొద్దున వంటింటి టిష్యూను అదే నీళ్లలో తడిపి, చుక్క కారనంతగా గట్టిగా పిండి, గింజలు ఒకదానికొకటి తగలకుండా పరిచి మడవండి. జిప్ కవర్లో పెట్టి మళ్లీ కూరగాయల అరలోకి పంపండి. టిష్యూ తడి ఎంత ఉండాలంటే, వేళ్లతో నొక్కితే వేలు చల్లగా తగలాలి, నీరు అంటకూడదు. ఈ పనంతటిలో గింజలు పోయేది ఎక్కువగా ఇక్కడే, నీరు ఎక్కువై. కాబట్టి పిండింది చాలదేమో అనిపిస్తే ఇంకోసారి పిండండి.

ఆరు వారాలు అలా ఉండనివ్వండి. వారానికోసారి తెరిచి చూడండి. ఏ గింజ మీదైనా బూజు కనిపిస్తే దాన్ని పెరాక్సైడ్ నీళ్లలో కడిగి, వేలితో నొక్కి, గట్టిగా ఉంటే కొత్త టిష్యూలో పెట్టండి. బూజు పట్టినంత మాత్రాన గింజ చచ్చినట్టు కాదు. మెత్తబడితేనే పారేయండి. ఫ్రిజ్‌లోనే వేరు కనిపిస్తే కంగారు పడొద్దు, దాన్ని వెంటనే మట్టిలోకి మార్చేయండి. మధ్యలో తుపాను వచ్చి కరెంటు పోయినా టెన్షన్ వద్దు, ఎందుకో పైన చదివారు కదా.

నవంబర్ చివరి వారానికి, అంటే కార్తీకం అటూ ఇటూగా, బయటికి తీయండి. ఇక మన ఊరి వాతావరణం వీటికి అనుకూలం. పగలు 28 దగ్గర, రాత్రి 20 దగ్గర ఉంటుంది. జిప్ కవరును అలాగే ఎండ తగలని చోట, హాల్లో షెల్ఫ్ మీద పెట్టేయండి. కొన్ని నాలుగైదు రోజుల్లోనే వేరు పెడతాయి. ఎక్కువ భాగం మూడు వారాల్లోపు వస్తాయి. ఒకటీ అరా ఏడు వారాలు కూడా తీసుకుంటాయి, కాబట్టి గట్టిగా ఉన్నదాన్ని సంక్రాంతి దాకా పారేయకండి.

వేరు అర సెంటీమీటరు రాగానే కుండీకి మార్చాలి. పెద్ద కుండీ వద్దు. పేపర్ గ్లాసులు తీసుకుని అడుగున మూడు నాలుగు రంధ్రాలు పెట్టండి, గింజకు ఒకటి చొప్పున. రెండు వంతుల కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక వంతు కడిగిన ఇసుక కలిపి నింపండి. కోకోపీట్‌ను వాడే ముందు మంచినీళ్లతో రెండు మూడు సార్లు కడిగి పిండండి, అందులో ఉప్పు ఉంటుంది. నీళ్ల గురించి కూడా ఒక మాట: బీచ్‌కు దగ్గరి ప్రాంతాల్లో బోరు నీళ్లలో ఉప్పు తగులుతోంది. మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లైతే ఈ మొలకలకు మున్సిపల్ కుళాయి నీళ్లు పట్టి వాడండి. లేత వేరు ఉప్పును ఓర్చుకోలేదు.

పెన్సిల్ చివరతో ఒక సెంటీమీటరు లోతు గుంట చేసి, వేరు కిందికి ఉండేలా గింజను దించి, పైన వదులుగా కప్పండి. వేరు వచ్చిన చోటు నుంచే వారం పది రోజుల్లో పచ్చటి గరిక పోచలాంటి ఆకు పైకి వస్తుంది. అది చూసి కలుపు అనుకుని పీకేసినవాళ్లు నాకు తెలుసు. గ్లాసు మీద మార్కర్‌తో తేదీ, నంబరు రాయండి. నీళ్లు పైనుంచి పోయకండి. పళ్లెంలో వేలెడు నీళ్లు పోసి గ్లాసుల్ని పావుగంట నిలబెట్టి తీసేయండి. మట్టి పై పొర ఆరితేనే మళ్లీ. లేత మొక్క మొదట్లో, మట్టికి ఆనుకున్న చోట నీరుపట్టినట్టు సన్నబడి వాలిపోతే అది తేమ ఎక్కువై వచ్చే కుళ్లు. అలా వాలినదాన్ని గ్లాసుతో సహా దూరంగా తీసేయండి, పక్కవాటికి అంటుతుంది.

మూడో ఆకు వచ్చాక పొద్దుటి ఎండలో పెట్టవచ్చు. ఫిబ్రవరి ఆఖరుకల్లా ఎనిమిది అంగుళాల కుండీల్లోకి మార్చండి, అప్పుడు మీ వర్మీకంపోస్టు పనికొస్తుంది. ఏప్రిల్ నుంచి మధ్యాహ్నపు ఎండ తగలకుండా చూసుకోండి. వానాకాలంలో కుండీ అడుగున రెండు ఇటుక ముక్కలు పెట్టి ఎత్తుగా ఉంచండి. వేడి, తడి రెండూ కలిసిన రోజుల్లో డేలిల్లీ మొదలు కుళ్లుతుంది, ఎదిగిన మొక్క కూడా.

ఇప్పుడు మీరు అసలు అడగదలచుకున్న ప్రశ్న. అమ్మ మొక్కకు పూసిన పువ్వే పూస్తుందా? పూయదమ్మా. మెత్తగా చెప్పాలని ఉన్నా, తప్పుడు ఆశ పెట్టలేను. సువర్ణరేఖ మామిడి టెంక నాటితే మళ్లీ అదే సువర్ణరేఖ రాదు కదా, అందుకే అంటు కడతారు. ఇదీ అంతే. తోటల్లో పెరిగే డేలిల్లీల్లో చాలావరకు తరతరాలుగా కలిపి కలిపి పుట్టించినవి. నమోదైన రకాలే 80 వేలకు పైగా ఉన్నాయంటే ఎంత కలయిక జరిగిందో చూడండి. దాని సొంత పుప్పొడితో కట్టిన గింజైనా తల్లిని అచ్చుగుద్దినట్టు రాదు. మీ గింజలకు తండ్రి పక్క కుండీలోని పసుపు మొక్క. పదకొండూ పదకొండు రకాలుగా రావచ్చు. కొన్నింటికి ఆ ఎరుపు వలయం రావచ్చు, రాకపోవచ్చు. అవి మీ అమ్మగారి మొక్క పిల్లలు, ఆ మొక్క కాదు.

అందుకే గింజల కంటే ముందు మీరు కాపాడుకోవాల్సింది ఆ దుబ్బును. అది ఒక్క కుండీలో, ఒక్క బాల్కనీలో ఉంది, ఒక్క వానాకాలంలో కుళ్లిపోతే ఇంక లేదు. ఈ మాట మీ ఉత్తరం చదివినప్పటి నుంచి నన్ను తొలుస్తోంది. వానలు తగ్గాక, నవంబర్‌లో, దాన్ని కుండీలోంచి మొత్తంగా బయటికి తీయండి. మట్టి కడిగితే విసనకర్రల్లా పరుచుకున్న ఆకుల గుంపులు, కింద లావుపాటి వేర్లు కనిపిస్తాయి. దీనికి ఉల్లిగడ్డలాంటి దుంప ఉండదు, గడ్డలని అమ్మేవాళ్ల మాట నమ్మకండి. రెండేసి గుంపులు కలిసి ఉండేలా చేత్తో విడదీయండి, రాకపోతే శుభ్రమైన కత్తితో కోయండి. ఆకుల్ని జానెడు ఉంచి కత్తిరించి, కోసిన చోటు ఆరేలా ఒక రోజు నీడలో ఉంచి, మొదలు మట్టిలో అంగుళం లోతుకు మించకుండా నాటండి. ఒక భాగం మీ దగ్గర, ఒకటి తోబుట్టువుల దగ్గర, ఒకటి ఊళ్లో నేల ఉన్న బంధువుల పెరట్లో. మూడు చోట్ల ఉంటే ఏదో ఒకటి నిలుస్తుంది. ఆ మూడూ అచ్చంగా మీ అమ్మగారి మొక్కే.

ఇంకో దారి కూడా ఉంది. పూలు అయిపోయిన కాడను వెంటనే కోసేయకండి. ఒక్కోసారి కాడ కణుపు దగ్గర బుల్లి పిలక పుడుతుంది. దానికి చిన్న వేర్ల బుడిపెలు కనిపించాక, పిలకకు పైనా కిందా రెండేసి అంగుళాల కాడ ఉంచి కోసి, తడి కోకోపీట్‌లో పెడితే బతుకుతుంది. అదీ తల్లి మొక్కే, తేడా ఉండదు.

పాప చేసిన పనికి మాత్రం నా తరఫున భుజం తట్టండి. డేలిల్లీల్లో క్రోమోజోములు 22 ఉన్న రకాలు, 44 ఉన్న రకాలు అని రెండు పెద్ద కులాలు. ఒకదానితో ఒకటి కలిపితే సాధారణంగా గింజ కట్టదు. తను కలిపిన రెండూ ఒకే కులానివి కావడంతో కాయ నిలిచింది. పాత తోటల్లో ఉండే మామూలు నారింజ డేలిల్లీకి 33 ఉంటాయి, అందుకే దానికి కాయలే నిలవవు. మా మొక్క ఎందుకు కాయదని అడిగే మిగతా పాఠకులకు కూడా ఇదే జవాబు. వచ్చే ఏడు మళ్లీ చేయాలనుకుంటే పువ్వు విచ్చిన పొద్దునే, ఎండ ముదరకముందు చేయమనండి. ఏ పువ్వుకు ఏ పుప్పొడి అద్దిందో కాడకు రంగుదారం కట్టి నోటుబుక్కులో రాసుకోమనండి. కాయ పండటానికి ఏడెనిమిది వారాలు పడుతుంది. గోధుమరంగుకు తిరిగి పైన చీలిక కనిపించిన రోజే కోయాలి, లేకపోతే గింజలు బాల్కనీ కిందికి రాలిపోతాయి.

పిల్లి సంగతి చివరికి రాస్తున్నాను గానీ దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. డేలిల్లీ మొక్కలో ప్రతి భాగమూ, ఆకు, పువ్వు, పుప్పొడి, పిల్లికి విషం. మూత్రపిండాలు దెబ్బతింటాయి. మనుషులకు, కుక్కలకు ఇలా ఉండదు, పిల్లులకే ఈ ప్రమాదం. ఒళ్లు నాక్కునేటప్పుడు పుప్పొడి కడుపులోకి పోయినా చాలు. మొక్కల్ని పిల్లి వెళ్లలేని చోట, జాలీ వేసిన బాల్కనీలో గానీ తాళం ఉన్న మేడ మీద గానీ పెట్టండి. ఎప్పుడైనా ఆకు కొరికినట్టు కనిపిస్తే వాంతులు అయ్యేదాకా ఎదురు చూడకుండా అదే గంటలో పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. చోటు మార్చడం కుదరకపోతే, మొక్కల్ని బంధువుల ఇంట్లో పెట్టించడమే మేలు.

గింజ నుంచి వచ్చిన మొక్క పూయడానికి రెండు, మూడేళ్లు అనుకోండి. మన దగ్గర చలికి ఆగకుండా పెరుగుతుంది కాబట్టి ఏడాదిన్నరకే పూసినవి నేను చూశాను. పువ్వు ఉండేది ఒక్క రోజే. తెల్లవారుతూ విచ్చి సాయంత్రానికి ముడుచుకుంటుంది. అయితే ముందురోజే తెలిసిపోతుంది: పచ్చగా ఉన్న మొగ్గ సాయంత్రానికి బాగా ఉబ్బి, పైన రంగు తేలుతుంది. అలా కనిపించిన రాత్రి పాపకు చెప్పి ఉంచండి, పొద్దున ఆరింటికే లేపండి. మధ్యలో ఎరుపు వలయం వచ్చిందో లేదో ముందుగా తనే చూడాలి.